వాటాదారుడా? పందెగాడా?

రేపు ఏమగునో తెలియని పనిలో నేడు ధనముంచుట తప్పా యని యడిగినచో, తప్పని చెప్పుటకు మన రైతు ఒప్పుకొనడు. అతడు ఏటేట విత్తనములను మట్టిలో పోసి ఆకాశము వంక చూచుచున్నాడు. వాన వచ్చునో రాదో, వచ్చినను పంట నిలుచునో నిలువదో, నిలిచినను ధర పలుకునో పలుకదో అతడెరుగడు. ఐనను అతనిని జూదరి యని ఎవరును అనరు. ఓడలపై పరదేశములకు సరకు పంపు వర్తకునిగూడ అనరు. కావున ఫలము తెలియకుండుటయే దోషము కాదు. మరి దోషమెచ్చట నున్నది? ధనార్జనమందు ఉద్యమము ముగిసి జూదము మొదలగు హద్దు ఏది? ప్రశ్న పాతదే. కాని నేడది మన గృహములలోనికి క్రొత్త వేషమున వచ్చినది గనుక దానిని మరల విచారింపవలసియున్నది.

ఆ క్రొత్త వేషమేదనగా, బ్యాటరీ లోహములను వెదకు చిన్న గని కంపెనీల వాటాలు. లిథియము అయాను బ్యాటరీ 1991లో తొలుత అంగడికి వచ్చెను. దానికి మూలమైన పరిశోధనలకు గాను గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురు శాస్త్రజ్ఞులు 2019లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఈ జాతి బ్యాటరీలలో లిథియము తప్పనిసరి. రకమును బట్టి కోబాల్టు, నికెలు, మాంగనీసు, గ్రాఫైటు మొదలగునవియు చేరుచుండును. విద్యుత్ బండ్లు పెరిగినకొలది వీని యక్కర పెరుగుననుట చిన్నపిల్లలకైనను తోచును. ఈ యాశనే ఆధారము చేసికొని ఆస్ట్రేలియా, కెనడా దేశములలో ఎన్నియో చిన్న కంపెనీలు బయలుదేరినవి. ఆ దేశములలోను, అమెరికాలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు వాని వాటాలు కొనుట అరచేతిలోని ఫోనుతో నగు పని. ఇచ్చటనున్న గృహస్థులకుగూడ ఏటికి రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశములకు పంపుకొనుటకు రిజర్వు బ్యాంకు అనుమతి కలదు. కావున ఇది దూరదేశపు ధనికుల వ్యవహారమని మనము ఊరకుండదగదు.

మొదట ఆ వాటా యనగా నేమో తెలిసికొందము. పేరులో గని యున్నను, ఇట్టి కంపెనీలలో అధికభాగమునకు గని లేదు. ఒకానొక నేలలో వెదకుకొనుటకు ప్రభుత్వమిచ్చిన యనుమతిపత్రము, కొందరు భూగర్భశాస్త్రజ్ఞులు, ఒక చిన్న కార్యాలయము, బ్యాంకులో కొంత రొక్కము, ఇంతియే వాని యాస్తి. ఆ రొక్కముతో నేలను తొలిచి, లోతునుండి రాతిని పైకి తీసి, పరీక్ష చేయింతురు. అమ్ముటకు సరకు లేదు గనుక ఆదాయమును లేదు. రొక్కము తరిగినపుడెల్ల క్రొత్త వాటాలను పుట్టించి అమ్ముదురు. పదిమందికి వండిన అన్నమును ఇరువదిమంది విస్తళ్లలో వడ్డించినట్లు, పాత వాటాదారుని భాగము అప్పుడప్పుడు సన్నగిల్లుచుండును. ఇది మోసము కాదు. పంట లేని యేండ్లలో వెదకులాటను సాగించుటకు వేరు మార్గము లేదు. ఐనను కొనువాడు ఒక్క సంగతి నెరుగవలెను. అతడు కొన్నది గనిలో పాలు కాదు, వెదకులాటలో పాలు.

ఆ వెదకులాటను గూర్చి చెప్పు మాటలకు గూడ మెట్లున్నవి. భూమిలోని ఖనిజరాశిని ఊహింపబడినది, సూచింపబడినది, కొలువబడినది అని మూడు తరగతులు చేయుదురు. అక్కడక్కడ తొలిచిన కొలది రంధ్రములను బట్టి అంచనా కట్టినది మొదటి తరగతి. రంధ్రములు దగ్గరపడి, సందేహము తగ్గినకొలది రెండవ, మూడవ తరగతులకు పోవుదురు. దానిని లాభముతో త్రవ్వి తీయవచ్చునని ఖర్చులు, ధరలు, అనుమతులు అన్నియు లెక్కించిన పిమ్మటనే నిల్వ యను పేరు పెట్టుదురు. ఆస్ట్రేలియాలో ఈ నియమావళి 1989లో ప్రకటింపబడెను. కాని శాస్త్రజ్ఞుడు జాగ్రత్తగా పెట్టిన విశేషణమును లోకము జాగ్రత్తగా మోయదు. 2023 ఫిబ్రవరిలో జమ్మూకాశ్మీరమునందలి రియాసీ జిల్లాలో 59 లక్షల టన్నుల లిథియపు ఖనిజము ఊహింపబడినదని మన భూగర్భ సర్వేక్షణ సంస్థ తెలిపెను. ఊహింపబడిన అను మాట జనుల నోళ్లలో త్వరలోనే జారిపోయి, 59 లక్షలు మాత్రము నిలిచెను. అది రాతి లెక్కయే గాని లోహపు లెక్క కాదను సంగతియు మరుగున పడెను. ఆ నేలను వేలమునకు పెట్టగా తగినంతమంది ముందుకు రాక 2024లో వేలము రద్దయ్యెను. ఎవరును అబద్ధమాడలేదు. వినువారి యాశ ఒక మాటను మ్రింగివేసినది; అంతే.

ఆశ యెంత దూరము పోగలదో తెలుపుటకు పాత కథ యొకటి చాలును. 1969 సెప్టెంబరులో పడమటి ఆస్ట్రేలియాలోని విండారా వద్ద పోసిడాన్ అను చిన్న కంపెనీకి నికెలు దొరకెను. వియత్నాము యుద్ధము వలనను, కెనడాలోని గొప్ప నికెలు కంపెనీలో జరిగిన సమ్మె వలనను నికెలునకు కరవు వచ్చిన కాలమది. ఒక డాలరునకు లోపుగా నున్న వాటా 1970 ఫిబ్రవరిలో 280 డాలర్లు పలికెను. ఆ చుట్టుపట్టుల నేలపై అనుమతిపత్రము గల కంపెనీల వాటాలుగూడ, ఆ నేలలో నేమున్నదో ఎవరును చూడకయే, లేచిపోయెను. తీరా 1974లో గని పనిచేయ మొదలిడునప్పటికి నికెలు కరవు తీరెను. ఖనిజమును ఆశించినంత సారముగలది కాకపోయెను. 1976లో ఆ కంపెనీ చేతులెత్తివేసెను. ఇచ్చట గమనింపదగినది, నికెలు నిజముగనే యుండెననుట. నేల అబద్ధమాడలేదు. కాని నేలలోని నికెలు పైకి వచ్చుటకు ఐదేండ్లు పట్టెను. ఆశకు ఐదు నెలలు చాలెను.

మన దేశపు కథయు ఒకటి కలదు. 1880 ప్రాంతమున మదరాసు రాజధానిలోని నీలగిరి, వైనాడు కొండలలో బంగారమున్నదని లండనులో పదులకొలది కంపెనీలు వెలసెను. కొలది యేండ్లలోనే దాదాపు అన్నియు నశించెను. అదే 1880లో మైసూరు రాజ్యమునందలి కోలారు బంగారము కొరకు స్థాపితమైన మైసూరు కంపెనీయు మూలధనమంతయు కరగి మూతపడు స్థితికి వచ్చెను. మిగిలిన కొద్ది ధనముతో ఇంకను కొంత లోతు త్రవ్వి చూతమని త్రవ్వగా గొప్ప బంగారపు సిర బయల్పడెను. కోలారు గనులు అటుపిమ్మట నూరేండ్లకు పైగా నడిచి 2001లో మూతపడెను. వైనాడులో ధనము పోగొట్టుకొన్నవారు మూర్ఖులును కారు, కోలారులో గడించినవారు ఋషులును కారు. ఇరువురును ఒక్క తీరుననే చీకటిలో చేయి చాచిరి. ఒకని చేతికి రాయి, ఒకని చేతికి బంగారము తగిలెను. కావున లాభము వచ్చినది గనుక ధర్మమనియు, నష్టము వచ్చినది గనుక అధర్మమనియు తీర్పు చెప్పుట సరికాదు. ధర్మము చేయి చాచుటకు ముందే యేర్పడియుండవలెను.

ఇంక బ్యాటరీ లోహములలో, నేలలోని చీకటికి తోడు అంగడిలోని చీకటియు కలదు. కోబాల్టును చూడుడు. 2016 చివర టన్ను 30,000 డాలర్ల పైచిలుకుగా నున్న ధర 2018 మార్చిలో 90,000 దాటెను. ఒకప్పుడు వెండికి ప్రసిద్ధమై, కోబాల్ట్ అనియే పేరుగల కెనడా పట్టణము చుట్టును చిన్న కంపెనీలు నేలను పట్టుకొనుటకు పరుగెత్తినవి. తమ పేరులో కోబాల్టును చేర్చుకొన్నవియు గలవు. 2019 నడిమికి ధర మరల 30,000 లోపునకు వచ్చెను. ధర పెరుగుటయే దాని పతనమునకు కొంత కారణమయ్యెను. ఇంత ఖరీదైన లోహమును తగ్గించుట యెట్లని రసాయనశాస్త్రజ్ఞులు యోచించిరి. కోబాల్టుగాని నికెలుగాని అక్కరలేని, ఇనుము, భాస్వరములతో చేయు బ్యాటరీ అంతకు పూర్వమే కలదు. దానిని చైనావారు బాగుచేసి చౌకగా తయారుచేసిరి. 2024 నాటికి ప్రపంచమందలి విద్యుత్ బండ్ల బ్యాటరీలలో ఇంచుమించు సగము ఈ జాతివే. తన పేరులో కోబాల్టును ధరించిన కెనడా కంపెనీ యొకటి 2021లో ఆ మాటను తీసివేసి బ్యాటరీ పదార్థములను తగిలించుకొనెను. పేరు మార్చుకొనుట కంపెనీకి సులభమే. పాత పేరును నమ్మి కొన్న గృహస్థునికి ఆ సౌకర్యము లేదు.

లిథియము కథ ఇంకను విచిత్రమైనది. కోబాల్టునకు బదులు వేరొకటి దొరకెను. లిథియమునకు ఈ బండ్లలో బదులు ఇంకను స్థిరపడలేదు. చైనాలో లిథియము కార్బొనేటు టన్ను ధర 2022 నవంబరులో 6 లక్షల యువానుల చెంతకు చేరి, 2024 ఆరంభమునకు లక్ష యువానుల దరిదాపులకు పడిపోయెను. ఇంతలో విద్యుత్ బండ్ల అమ్మకము తగ్గినదా? లేదు. 2022లో కోటికి పైగా అమ్ముడైన బండ్లు 2024లో కోటి డెబ్బది లక్షలు దాటెను. గిరాకి పెరుగునని పందెము వేసినవాని జోస్యము అక్షరాల నిజమైనది. అతని ధనము మాత్రము పోయినది. ఏలయన, ధర పెరుగుట చూచి ఆస్ట్రేలియాలోను, చిలీలోను, చైనాలోను, ఆఫ్రికాలోను అందరును ఒక్కసారి త్రవ్విరి. ఆస్ట్రేలియా ఉత్తరభాగమున 2022లో తెరచిన ఫిన్నిస్ గనిలో 2024 జనవరిలోనే త్రవ్వకమును ఆపవలసి వచ్చెను. నికెలు సంగతియు నిట్టిదే. ఇండోనేషియా 2020లో ముడి నికెలు ఎగుమతిని మాన్పి, కొలుములను తన గడ్డపైననే పెట్టించుకొని, ప్రపంచపు నికెలులో సగమునకు పైగా తానే తీయసాగెను. అంతట పడమటి ఆస్ట్రేలియాలో మహాసంస్థయైన బి.హెచ్.పి. వారే 2024లో తమ నికెలు పనులను ఆపివేసిరి. ఇక చిన్నవారి మాట చెప్పనేల? మరియొక వంక 2025 ఫిబ్రవరిలో కాంగో ప్రభుత్వము కోబాల్టు ఎగుమతిని నిలుపగా, పడియున్న ధర మరల లేచెను.

ఇన్ని యుదాహరణములను చెప్పుట చదువరులను భయపెట్టుటకు కాదు. వీనివలన తేలునది యొక్కటే. ఇట్టి వాటా కొన్నవాడు నేలను, రసాయనశాలను, పరప్రభుత్వపు టుత్తరువును, తనవలెనే యోచించు వేయిమంది పోటీదారులను ఏకకాలమున ఎరిగియుండవలెను. అది మానవమాత్రునకు సాధ్యము కాదు. తెలివిగలవాడు కొంత యెక్కువ ఎరుగవచ్చును, అంతియే. తెలివిచేత ఈ హద్దును దాటలేమని యొప్పుకొన్న పిమ్మట, హద్దు ధర్మమందు వెదకవలసియుండును.

ఇచ్చట మన విద్యాధిక మిత్రులు ఒక వాదము చెప్పుదురు. "మేము సారాయి దుకాణములో ధనముంచుట లేదు. లోకమున పొగ తగ్గించు వస్తువునకు కావలసిన లోహములో ఉంచుచున్నాము. లాభము వచ్చినను పుణ్యమే, రాకున్నను పుణ్యమే." ఈ వాదము వినసొంపుగ నున్నది. కాని దీనిని కొంచెము గట్టిగ పట్టి చూడవలెను. వాటాల అంగడిలో గృహస్థుడు కొను వాటా సాధారణముగ వేరొక గృహస్థుడు అమ్మినది. ఆ ధనము ఆ రెండవవాని యింటికి పోవును గాని, గని త్రవ్వువాని చేతికి ఒక్క కాసైన చేరదు. కంపెనీ తానుగ క్రొత్త వాటాలను అమ్మునపుడు మాత్రమే త్రవ్వకమునకు ధనము చేరును. పాత వాటాలు అమ్ముడుపోవుచున్నచో క్రొత్తవానిని అమ్ముట సులభమగునను మాట నిజమే. కాని అది దూరపు సంబంధము. దేవాలయపు వీథిలో పేకాడినంతమాత్రమున దేవునికి దీపము పెట్టినట్లు కాదు. పని మంచిదైనను, ఆ పని పేరుతో మనము చేయు పని వేరొకటి కావచ్చును. అంతకంటె హానికరమైనది, మంచి పని యను తలంపు మనస్సునకు మత్తెక్కించి, అడుగవలసిన ప్రశ్నలను అడుగనీయకుండుట. కేవల లాభము కొరకు కొనువాడు లెక్కలైన చూచును. పుణ్యమనుకొని కొనువాడు అదియు చూడడు.

మరి ఆ హద్దు ఏది? దీనిని మన మహాభారతమే మనకు చూపియున్నది. జూదసభలో ధర్మరాజు సంపదను, తమ్ములను, తుదకు తన్నును ఓడి, పిమ్మట ద్రౌపదిని పణముగా నొడ్డెను. తన్ను కొనిపోవ వచ్చిన దూతను ఆమె కన్నీటితో వేడుకొనలేదు; ప్రశ్న అడిగి పంపెను. తన్ను తాను ముందు ఓడినవాడు నన్నొడ్డుటకు అధికారి యగునా? అని ఆ ప్రశ్న. ధర్మము సూక్ష్మమని భీష్మునంతటివాడు తీర్పు చెప్పజాలకపోయెను. ఆ ప్రశ్నకు సభ నాడు సమాధానము చెప్పలేదు గాని, ప్రశ్నలోనే మనకు కావలసిన హద్దున్నది. పాచికలు ఎటు పడునో తెలియకుండుట ఆమె యారోపించిన దోషము కాదు. ఓటమిని అనుభవింపవలసినవారి యనుమతి లేకుండ వారిని పణము చేయుట, అదియే దోషము. రైతు వానపై నమ్మకముంచునపుడు ఆ యింటివారందరును ఆ నమ్మకమును ఎరిగినవారే. పంట పోయినచో పస్తుండువారు పొలమునకు పోయి విత్తినవారే. ఇచ్చట నష్టము భరించువానికిని, నిర్ణయించువానికిని ఎడము లేదు. ఆ యెడము పెరిగినకొలది ఉద్యమము జూదమగుచున్నదని మా యభిప్రాయము.

ఈ కొలబద్దతో మన యిండ్లను చూతము. ఎన్ని గృహములలో పురుషుడు తాను కొన్న వాటాల సంగతి భార్యకు చెప్పుచున్నాడు? కూతురి చదువునకని దాచిన ధనము, తండ్రి పింఛనులో మిగిల్చిన ధనము, భార్య పుట్టింటినుండి తెచ్చుకొన్న స్త్రీధనము, ఇవన్నియు ఒక్క ఖాతాలో కలిసి, ఒక్కని వ్రేలితాకిడికి లోబడి యున్నవి. లాభము వచ్చిననాడు అతడు ఇంటికి మిఠాయి తెచ్చును. నష్టము వచ్చిననాడు మౌనము తెచ్చును. స్త్రీలకు వ్యవహారము తెలియదు, చెప్పి వారిని కలవరపెట్టనేల యని కొందరు దయాపరులవలె పలుకుదురు. వ్యవహారము తెలియదనుట సాకు మాత్రమే. ఆపద వచ్చినపుడు నగలు తీసి యిచ్చుటకు ఆమెకు వ్యవహారజ్ఞానము అక్కరలేదు గాబోలును! నేడు భార్యయు ఆర్జించుచున్న గృహములు అనేకములున్నవి. ఆమె రహస్యముగ కొన్నను న్యాయమిదియే. స్త్రీవిద్యను గూర్చియు, స్త్రీల యాస్తిహక్కును గూర్చియు సభలలో మాటలాడుచు, ఇంటి ధనమును ఇంటివారికి తెలియకుండ దూరదేశపు రాతిపై పణముంచువాని సంస్కరణము గడప దాటి లోపలికి రాలేదని చెప్పవలసియున్నది.

ఈ కొలబద్దను ఇల్లు దాటించి, గని యున్నచోటికిని తీసికొనిపోవుదము. పోర్చుగల్ దేశపు టుత్తరభాగమున బరోసో అను కొండసీమ కలదు. ఉమ్మడి బీళ్లలో పశువులను మేపుకొని జీవించు అచ్చటి పల్లెల వ్యవసాయరీతిని ఐక్యరాజ్యసమితివారి ఆహార వ్యవసాయ సంస్థ 2018లో ప్రపంచ వ్యవసాయ వారసత్వములలో నొకటిగ గుర్తించెను. ఆ సీమలోనే లిథియము త్రవ్వుటకు ఒక చిన్న కంపెనీ యేండ్ల తరబడి యత్నించుచున్నది. 2023లో ప్రభుత్వపు పర్యావరణ సంస్థ షరతులతో సమ్మతించెను. పల్లెవారిలో అనేకులు సమ్మతింపలేదు. ఆ కంపెనీ వాటా కొన్నవానికిని, ఆ పల్లెలోని పశువుల కాపరికిని రేపేమగునో సమానముగనే తెలియదు. కాని వాటాదారుడు ఆ సందిగ్ధమును కోరి కొన్నాడు. తలచిన క్షణమున అమ్మి తొలగిపోవచ్చును. కాపరి దానిని కొనలేదు, అమ్మనులేడు. అతని యింటిగోడ కట్టవలెనా వద్దా, కుమారుని ఊరిలో నుంచవలెనా పంపవలెనా యను ప్రశ్నలన్నియు ఎవరో దూరమున వాటాలు కొని అమ్ముకొనుచుండగా వ్రేలాడుచున్నవి. ప్రపంచపు కోబాల్టులో ఇంచుమించు మూడు పాళ్లలో రెండు పాళ్లకు మించి ఇచ్చు కాంగోలో కథ ఇంతకంటె కఠినమైనది. అచ్చట పిల్లలుగూడ రాళ్లు ఏరి, కడిగి, మోయుచున్నారని 2016లో అమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ లోకమునకు తెలిపెను. ధర పెరిగిననాడు దూరపు వాటాదారునకు లాభము. ధర పడిననాడు అతనికి కలుగునది ధననష్టము. ఆ రాళ్లు ఏరువానికి కూటినష్టము.

ఇంతమాత్రమున గనులే వలదనియు, లోహమే వలదనియు మేము చెప్పుట లేదు. బొగ్గుపొగ పీల్చువారును పేదలే. గని లేనిదే బండి లేదు, వెదకులాట లేనిదే గని లేదు, నష్టమునకు సాహసించువారు లేనిదే వెదకులాట లేదు. పెద్ద సంస్థలు తొంగిచూడని నేలలో చిన్న కంపెనీలు పోయి, కొన్ని గొప్ప నిక్షేపములను కనుగొన్నమాటయు నిజము. తనకు చాలిన దానిలో మిగిలిన ధనమును, పోయినను ఎవరి కంచములోని అన్నమును తగ్గని ధనమును, తెలిసి ఇట్టి పనిలో నుంచువాడు నింద్యుడు కాడు. ఒక విధముగ లోకమునకు కావలసిన నష్టమును తన తలపై వేసికొన్నవాడు. మేము నిందించునది ఆ నష్టమును ఇతరుల తలలపై పెట్టి, లాభమునకు మాత్రము తన కొంగు పట్టువానిని.

ఇతరులలో తరువాత కొనువాడును ఒకడు. ఈ వ్యవహారమున మనము మరచు మనిషి అతడే. ఆశ వెలను పెంచునపుడు, వాటా ఉన్న ప్రతివాడును తెలియకయే ఆశకు బేహారి యగును. మిత్రులతో మాటలాడునపుడు మంచి వార్తలను పెద్దగను, చెడ్డ వార్తలను చిన్నగను చెప్పును. ఊహింపబడిన అను మాటను తాను విన్నను, పలుకునపుడు దానిని జారవిడుచును. తానమ్మదలచిన వాటాను పొరుగువానితో కొనుమని చెప్పుటకంటె నీచమైనది లేదని అందరును ఒప్పుకొందురు. కాని తానమ్మదలచియు, కొందునని వచ్చినవానియెదుట నోరు మెదపకుండుటయో? చట్టము దానిని శిక్షింపకపోవచ్చును. మచ్చ గల పశువును మచ్చ కానరాకుండ కప్పి సంతలో అమ్మువానికిని ఇతనికిని భేదమెంత? తానెరిగిన చెడ్డ సంగతిని, తనకు తెలిసినవాడు కొనుటకు సిద్ధపడినపుడు, అడుగకున్నను చెప్పుట వాటాదారుని ధర్మమని మేము తలంచుచున్నాము. చెప్పినచో ధర పడునను భయమే, చెప్పవలసిన సంగతి యున్నదనుటకు సాక్ష్యము.

మన పల్లెలలో పాలుకు సేద్యము చేయుట పూర్వమునుండి కలదు. పాలు పొందువాడు పంటలో మాత్రమే గాక, పొలమునకు నీరు పెట్టుటలోను, పురుగు పట్టినపుడు దిగులులోను పాలు పొందెడివాడు. పొలము ఎచ్చట నున్నదో, పొరుగు పొలమువారు ఎవరో, గట్టు తగవు ఏమో అతడెరుగును. నేడు వాటా యను మాట ఆ యర్థములో సగమును కోల్పోయినది. ఫలములో పాలు మిగిలినది. పాటులో పాలు పోయినది. దానిని సంపూర్ణముగ తిరిగి తెచ్చుట దూరదేశపు కంపెనీ విషయమున సాధ్యము కాకపోవచ్చును. కొంతవరకు తెచ్చుట సాధ్యమే.

అందుకు పెద్ద శాస్త్రజ్ఞానము అక్కరలేదు. వాటా కొనదలచినవాడు, కొనుటకు ముందు రాత్రి, భోజనమైన పిమ్మట ఇంటివారి నందరను కూర్చుండబెట్టి ఈ సంగతులను చెప్పవలెను. ఈ కంపెనీకి గని యున్నదా, వెదకులాట మాత్రమే యున్నదా? దొరకినదని చెప్పునది ఊహింపబడినదా, కొలువబడినదా? ఆ నేలపై ఎవరు జీవించుచున్నారు, వారేమనుచున్నారు? ఈ ధనమంతయు పోయినచో మన యింట ఏ పని ఆగును, ఎవరి పని ఆగును? ఈ కడపటి ప్రశ్నకు సమాధానముగ ఎవరి పేరు వచ్చునో, ఆ మనుష్యుడు లేదా ఆ మనుష్యురాలు ఎదుట కూర్చుండి విని ఒప్పుకొనవలెను. చదువు ఆగువాడు చిన్నపిల్లవాడైనచో, ఒప్పుకొనుటకు వానికి వయస్సు లేదు గనుక, ఆ ధనమును ముట్టనే కూడదు. ఇట్లు చెప్పుటకు నోరు రానివాడు, చెప్పిన పిమ్మట ఇంటివారు కాదన్నను రహస్యముగ కొనువాడు, ఎంత మంచి లోహమును కొన్నను పందెగాడే. చెప్పి, అడిగి, ఒప్పించుకొని కొన్నవాడు నష్టపోయినను వాటాదారుడే. అతని నష్టమును ఇంటివారు పంచుకొందురు. పంచుకొనుటకు వారిని ముందుగ అడిగియున్నాడు గనుక, ఆనాడు అతడు తల దించుకొనవలసిన పని యుండదు.